జాబితాలో లేని తోట

సెప్టెంబరు మొదటి సోమవారం ఫ్యాక్టరీ తెల్ల వ్యాను చర్చి రోడ్డు మలుపు తిరిగిందంటే, కెల్‌బెక్ ఊళ్లో అయిదిళ్ల వాళ్లు ఏప్రన్లు విప్పేసి మంచి కోట్లు తొడుక్కునేవాళ్లు. వ్యానులోంచి దిగేది విల్ఫ్ టైసన్. యాభై ఏడేళ్ల మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి, ఎవరినో క్షమించమని అడగబోతున్నవాడిలా ఉంటాడు. చేతిలో కత్తెర, ప్లాస్టిక్ సంచుల కట్ట, ఒక స్ప్రింగు కాటా. యురేనియం ఇంధనం తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అతని పని ఆకులు కోసుకురావడం. పొగగొట్టాల్లోంచి వెళ్లే గాలితో పాటు ఏదైనా జారి జనం తోటల మీద వాలుతోందా అని చూడటానికి ఏటా అయిదు తోటల్లో ఆకుకూర కోసి ల్యాబుకి పంపాలి. ఏటా ల్యాబు చెప్పుకోదగ్గదేమీ లేదనేది. ఏటా ఫ్యాక్టరీ ఆ మాటను నిగనిగలాడే చిన్న పుస్తకంగా వేసి ఇంటింటికీ పంచేది. ఆ అయిదిళ్లకు మాత్రం అదనంగా ముద్ర కొట్టిన ధన్యవాద పత్రం ఒకటి వచ్చేది. చర్చి గురువు ఓర్డ్‌గారి భార్య కాన్‌స్టెన్స్ ఆ పత్రాలన్నిటికీ పటాలు కట్టించి, వచ్చినవాళ్లు కోటు తగిలించుకునే చోట వరసగా పెట్టింది. కోటు తగిలించాలంటే అవి చదివి తీరాలి.

హెట్టీ మావ్‌సన్‌కు అలాంటి పత్రం ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీకి అవతల, తూర్పున ఉన్న బ్యాక్ లేన్‌లో చివరి ఇల్లు ఆవిడది. డెబ్బై ఒకటో ఏడు. పోయిన మొగుడి టోపీ పెట్టుకుని, గోనెపట్టా నడుముకు చుట్టుకుని పొద్దున్నుంచీ తోటలోనే ఉంటుంది. ఆవిడ పెంచే కేల్ అనే ఆకుకూర ముదురు పచ్చగా, అంచులు కుచ్చులు కుచ్చులుగా, పెళ్లికూతురి గౌనులా ఉంటుంది. ఊరి కూరగాయల ప్రదర్శనలో తొమ్మిదిసార్లు మొదటి బహుమతి దానికే వచ్చింది. కేల్ విషయంలో ఆవిడకు పోటీ లేదు. అందుకే ఆ సోమవారం రోడ్డుకడ్డంగా నిలబడి చెయ్యెత్తింది.

విల్ఫ్ వ్యాను ఆపాడు. ఆపకపోతే ఆవిడ మీదుగా పోవాల్సి వచ్చేది.

"విల్ఫ్, ఓ మాటడుగుతాను, సూటిగా చెప్పు. నా కేల్‌కి ఏం రోగమని?"

రోగమేమీ లేదనీ, అంత మంచి కేల్ ఈ జిల్లాలోనే లేదనీ విల్ఫ్ అన్నాడు. అయితే ఎందుకు కొయ్యవని ఆవిడ అడిగింది. జాబితాలో మీ తోట లేదు హెట్టీగారూ, ఉన్నవి అయిదే, అవే కొయ్యాలి అని చెప్పాడు. ఇరవయ్యారేళ్లలో ఈ మాట ఎన్నిసార్లన్నాడో. అంటుంటే నోటికి సుఖంగా ఉంటుంది.

"ఎవరు రాశారయ్యా ఆ జాబితా?"

"పైవాళ్లు."

"పైవాళ్లంటే దేవుడా, హడిల్‌స్టనా?"

హడిల్‌స్టన్ ఫ్యాక్టరీలో విల్ఫ్‌కు పై అధికారి. ఆయన వచ్చి నాలుగేళ్లే అయిందనీ, జాబితా అంతకు చాలా ముందుదనీ విల్ఫ్ చెప్పాడు. హెట్టీ టోపీ వెనక్కి తోసుకుంది. ఆవిడ భయపడి అడగడం లేదు. ఫ్యాక్టరీ గురించి, గాలి గురించి ఆవిడకు పెద్ద పట్టింపు లేదు. ఆవిడ బాధల్లా ఒకటే. కుందేళ్లు కూడా మూతి పెట్టని కాన్‌స్టెన్స్ పాలకూర ల్యాబుదాకా వెళ్లి గౌరవం పొందుతోంది, తన కేల్‌ను ఇంతవరకు ఎవరూ పిలవలేదు.

"పోనీ నీకు గాలి లెక్కే ముఖ్యమనుకో," అంది చివరికి. "సముద్రం గాలి మీ గొట్టాల మీంచి తిన్నగా నా పెరట్లోకే వస్తుంది. నా తీగ మీది దుప్పట్లనడుగు, ఎటు ఎగురుతాయో చెబుతాయి. చర్చి రోడ్డు వైపు అవి ఎప్పుడన్నా ఎగిరాయా?"

విల్ఫ్ దుప్పట్ల వైపు చూడకుండా, పై ఏడు కచ్చితంగా అడిగి చూస్తానన్నాడు. పోయినేడూ ఇదే అన్నావని ఆవిడ గుర్తుచేసి పక్కకు తప్పుకుంది.

*

సోమవారం నాలుగు తోటలయ్యాయి. మంగళవారం పొద్దున్నే విల్ఫ్ గురువుగారింటికి వెళ్లేసరికి కాన్‌స్టెన్స్ ముత్యాల దండ వేసుకుని, పాలకూర మడి పక్కన నిలబడి ఉంది. మడిలో కాడలు మాత్రమే మిగిలాయి. కుందేళ్లు రాత్రికి రాత్రి మొత్తం కానిచ్చేశాయి. ఒక మూల గుండ్రటి రెట్టలు కొన్ని వదిలిపెట్టి వెళ్లాయి. కుందేళ్లు మూతి పెట్టవన్న హెట్టీ నమ్మకం తప్పని తేలింది. ఆ సంగతి కాన్‌స్టెన్స్‌కు తెలియదు కాబట్టి, సంతోషించే వీల్లేక, పాలకూర పోయినందుకు ఏడ్చింది.

పుదీనా పనికొస్తుందా అని అడిగింది. కిలో కావాలన్నాడు విల్ఫ్. కిలో పుదీనా కోస్తే గొర్రె మాంసంలోకి క్రిస్మస్ దాకా ఏం వెయ్యాలని గురువుగారు లోపలినించి అడిగారు.

విల్ఫ్ వ్యానులో కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. అయిదు గళ్లు. మూడో గడి ఖాళీ. ఖాళీ గడి ఉంటే ఎందుకు ఖాళీగా ఉందో చెప్పే కాగితం వేరే నింపాలి, అది మూడు కాపీలు, దాని మీద హడిల్‌స్టన్ సంతకం, ఆ సంతకం కోసం ఒక ఉపన్యాసం. గడి పక్కన 'ఆకుకూర' అని మాత్రమే అచ్చయి ఉంది. ఏ ఆకు అని ఎవరూ అడగలేదు. విల్ఫ్ కాసేపు స్టీరింగును వేళ్లతో తట్టి, తనకు తెలియకుండానే అన్నట్టు బ్యాక్ లేన్ వైపు బండి తిప్పాడు.

హెట్టీ ఆశ్చర్యపోలేదు. ఎప్పటికైనా వస్తాడని తెలిసినదానిలా గేటు తీసింది. ఆ తర్వాతే అసలు పని మొదలైంది. కొయ్యాల్సిన మొక్కలేవో తనే చెబుతానంది. వరసలో రెండోది కాదట, దానికి ఎడమ చెంప సొట్ట. విల్ఫ్ చేతి తొడుగులు వేసుకుని వంగాడు. కాడ దగ్గర కత్తెర పెట్టి, ఆకును వేళ్లతో తాకకుండా, దులపకుండా, సంచి నోరు కిందకి పట్టి ఒక్కొక్కటే అందులో పడేలా కోశాడు. కాటాకు తగిలిస్తే తొమ్మిది వందల గ్రాములు. ఇంకో రెండాకులు కోసి తల తిప్పేసరికి సంచి లేదు. హెట్టీ దాన్ని కొళాయి కిందికి పట్టుకుపోతోంది.

"కడక్కూడదు," అంటూ విల్ఫ్ పరిగెత్తాడు.

"దుమ్ముతో పంపమంటావా? రేపు ల్యాబులో ఆ చదువుకున్న పిల్లలు చూసి మావ్‌సన్ ఇల్లాలు ఆకు కడగడం కూడా రాని మనిషి అనుకోరూ?"

"వాళ్లకి కావాల్సింది దుమ్మే హెట్టీగారూ."

ఆవిడ కాసేపు సంచి వైపు, కాసేపు అతని వైపు చూసింది. ఇంతకాలం పటాలు కట్టించుకున్నది దుమ్ముకా అని అడిగింది. అవునన్నాడు. అయితే కాన్‌స్టెన్స్‌కు తగిన గౌరవమే జరిగిందని చెప్పి సంచి ఇచ్చేసింది. విల్ఫ్ వ్యాను తలుపు చాటున నిలబడి చీటీ మీద మూడో నంబరు వేశాడు. ఆ నంబరు గురువుగారి తోటదని ఆవిడకు చెప్పలేదు.

*

శుక్రవారం ల్యాబునుంచి బెరిల్ ఫోన్ చేసింది. మూడో నంబరు రెండుసార్లు పరీక్ష చేశానంది. మొదటిసారి చూసి గాజుసామాను మురికిదేమో అనుకుందట. కాదు. మిగిలిన నాలుగు తోటలకంటే పదకొండు రెట్లు యురేనియం ఉంది. విల్ఫ్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. హడిల్‌స్టన్‌గారికి ఈ సంగతి చెప్పావా అని అడిగాడు. ఆయనకే ముందు చెప్పానంది బెరిల్.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ తెల్ల రక్షణ సూట్లు వేసుకున్న నలుగురు గురువుగారి తోటలోకి దిగారు. గేటుకు పసుపు పట్టీ కట్టారు. విల్ఫ్‌ను దగ్గరుండి మడి చూపించమన్నారు. అతను కుందేళ్లు తినేసిన మడి చూపించాడు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాడు కూడా. కానీ ఓర్డ్‌గారు డ్రెస్సింగ్ గౌనులో వచ్చి, తాను ఆ మడిలో ఏమేం పోశారో ఒక్కొక్కటీ ఒప్పుకోవడం మొదలుపెట్టారు. చల్లారిన టీ, కోడి రెట్ట, ఒకసారి చెడిపోయిన ప్రసాదపు వైన్. ముప్పయ్యేళ్లుగా ఊరివాళ్ల పాపాల ఒప్పుకోళ్లు విన్న మనిషి తన వంతు వచ్చేసరికి ఆగలేకపోయారు. తెల్ల సూటు వాళ్లలో ఒకడు అవన్నీ రాసుకున్నాడు.

కొలిచే యంత్రం మడి మీద నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఎరువు గుంట మీదా అంతే. పనిముట్ల గదిలోకి తీసుకెళ్లగానే మాత్రం పెనంలో వేరుశెనగలు వేగినట్టు చిటపటలాడింది. నలుగురూ వెనక్కి దూకారు. కాన్‌స్టెన్స్ ముత్యాలు పట్టుకుంది. గదిలో అరమీద, పాత రంగు డబ్బాల వెనక, గురువుగారి తండ్రి యుద్ధానికి తీసుకెళ్లిన అలారం గడియారం ఉంది. చీకట్లో అంకెలు మెరవడానికి ఆ రోజుల్లో రేడియం పూసేవాళ్లు. దాన్ని సీసపు పెట్టెలో పెట్టి, నలుగురూ శవపేటిక మోసినట్టు మోసుకుంటూ రోడ్డెక్కారు. చర్చి రోడ్డు వాళ్లంతా కిటికీల్లోంచి చూశారు. రెండిళ్లవాళ్లు తమ ధన్యవాద పత్రాల పటాలు అప్పుడే దించేశారని తర్వాత తెలిసింది.

సాయంత్రానికి హడిల్‌స్టన్ ముఖం తేటపడింది. ఆయన చెడ్డవాడేం కాదు. శుభ్రమైన చొక్కా, శుభ్రమైన బల్ల, ఏ కాగితానికైనా చివర్న చుక్క పడితే గానీ నిద్రపట్టని మనిషి. కారణం దొరికిందనీ, గురువుగారి గడియారం నుంచి తోటకు పాకిందని నివేదికలో రాస్తున్నాననీ అన్నాడు. గురువుగారి తోటను మొదట ఎందుకు ఎంచుకున్నారో కూడా ఒక వాక్యం పెట్టాలి, పాత ఫైలు తీసుకురా అని విల్ఫ్‌ను పంపాడు.

కిందకి దిగుతూ విల్ఫ్ బెరిల్ గదిలో తొంగిచూశాడు. గడియారంలోది ఆకుమీదికి వస్తుందా అని అడిగాడు. గడియారంలో ఉన్నది రేడియం, ఆకుమీద ఉన్నది మనం ఇక్కడ వండే యురేనియం, అవి రెండూ వేరువేరని బెరిల్ చెప్పింది. ఆ మాట హడిల్‌స్టన్‌గారికి చెప్పాననీ, అది తర్వాత చూద్దామన్నారనీ అంది.

ఫైళ్ల గదిలో నిచ్చెన వేసుకుని పై అరలోంచి అట్టపెట్టె దించాడు. ఏడాదికొక కట్ట. కట్టలు తీసుకుంటూ కిందకి వెళ్లగా అన్నిటికంటే అడుగున ఒకే ఒక్క కాగితం, నాలుగు మడతలది, తడిసి ఆరినది. పెన్సిలుతో రాసి ఉంది. పైన ఇరవయ్యారేళ్ల కిందటి తేదీ, కింద వరసగా అయిదిళ్లు, ఒక్కో ఇంటి ఎదురుగా ఒక్కో ముక్క. అందులో కొన్ని:

'వాన. చర్చి గురువుగారిల్లు: వ్యాను తిప్పుకోవడానికి చోటుంది. టీ ఇచ్చారు. డాక్టరుగారిల్లు: వాకిలికి పైకప్పు ఉంది. బ్యాక్ లేన్: బురద. వెళ్లలేదు.'

'వెళ్లలేదు' అన్నచోట లకారం తోక కిందకి జారిపోయి ఉంది. ఆ తోక విల్ఫ్‌కు తెలుసు. ఉత్తరాల్లో ఇప్పటికీ అలాగే జారుతుంది. ఉద్యోగంలో చేరిన తొలి వారం, కొత్త బూట్లు. ఆ బురద గుర్తొచ్చింది. టీ ఎంత వేడిగా ఉందో కూడా గుర్తొచ్చింది. నిచ్చెన రెండో మెట్టు మీద కూర్చుని ఆ కాగితం అయిదారుసార్లు చదివాడు. ఇన్నేళ్లూ 'పైవాళ్లు' అని ఎవరిని అన్నాడో, వాళ్లు ఇలా నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

హడిల్‌స్టన్ గదికి వెళ్లి, ఫైలు ముందు పెట్టకుండానే చెప్పేశాడు. ఆ ఆకు గురువుగారిది కాదు, కుందేళ్లు తినేశాయి, నేనే వేరే తోటలో కోసి ఆ నంబరు వేశాను అని. హడిల్‌స్టన్ పెన్ను మూత పెట్టాడు.

"ఎవరిది?"

"హెట్టీ మావ్‌సన్‌ది. బ్యాక్ లేన్."

హడిల్‌స్టన్ బ్యాక్ లేన్ అన్న మాట వినగానే కిటికీలోంచి గొట్టాల వైపు చూశాడు. పొగ లేదు గానీ, ఆవిరి పీచుల్లా తూర్పుకి వాలి ఉంది.

"నమూనా విషయంలో మోసం చేశావన్నమాట," అన్నాడు మెల్లగా. "పింఛనుకి మూడేళ్లుంది నీకు. తెలుసుగా."

"ఇరవయ్యారేళ్లుగా చేస్తున్నాను సార్. మంగళవారం ఒక్కరోజే చెయ్యలేదు."

అని ఆ తడిసిన కాగితం బల్ల మీద పెట్టాడు. హడిల్‌స్టన్ దాన్ని చదివి, తిప్పి వెనకవైపు కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

*

బుధవారం ఇద్దరు మనుషులు పొడుగు నిచ్చెనతో గొట్టం మీదికెక్కారు. మధ్యాహ్నానికి దిగారు. లోపలి వడపోత సంచి ఒకటి అంచు దగ్గర ఊడి, పిడికిలి పట్టేంత సందు ఏర్పడింది. ఏప్రిల్‌లో మార్చినప్పుడే సరిగ్గా కూర్చోలేదని వాళ్ల లెక్క. దాన్ని కనిపెట్టాల్సిన మీటరు ముల్లు సందుకు ఇవతలిపక్క ఉండి, అయిదు నెలలుగా అంతా బాగుందని చూపిస్తూ వచ్చింది. సాయంత్రంకల్లా గొట్టం ఆపేశారు.

గురువారం విల్ఫ్ ఒక ఉత్తరం పట్టుకుని బ్యాక్ లేన్‌కు నడిచి వెళ్లాడు. వ్యాను తీసుకోవడానికి మనసు రాలేదు. హెట్టీ గుమ్మంలో పీట వేసుకుని కేల్ ఆకులు ఈనె తీస్తోంది. కాళ్ల మధ్య గిన్నె. అతను నిలబడే చెప్పాడు. ఏం దొరికిందో, ఎన్ని రెట్లో, చీటీ మీద ఎవరి నంబరు వేశాడో, జాబితా రాసింది ఎవరో, అంతా. బురద సంగతి కూడా దాచలేదు.

"పదకొండు రెట్లా?" అంది హెట్టీ. "ఆ నాలుగు తోటలకంటే?"

"అవును."

"నాది అన్నిటికంటే ఎక్కువన్నమాట." ఆవిడ ముఖంలో మెరిసిన ఆనందాన్ని ఆపుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. "మరి పత్రం ఎప్పుడిస్తారు?"

ఫ్యాక్టరీ డాక్టరు ఏం చెప్పాడో విల్ఫ్ ఉత్తరం తీసి చదివాడు. ఇప్పటికిప్పుడు ఎవరికీ ప్రమాదమని చెప్పలేరు. కడిగి వండితే చాలావరకు పోతుంది. అయినా ఇంకో మాట చెప్పేదాకా ఈ వీధిలో పెరిగిన ఆకు ఎవరూ తినకూడదు. ఒంటికి పరీక్ష చేస్తారు. హెట్టీ వింటూ ఈనె తీస్తూనే ఉంది. తన సంగతి పెద్దగా పట్టించుకోలేదు. డెబ్బై ఒక్కేళ్లు వచ్చాక ఏ పరీక్ష చేసినా ఏదో ఒకటి దొరుకుతుందంది. ఒక్కసారిగా చాకు ఆగిపోయింది.

"జానిస్ పిల్ల," అంది.

జానిస్ రెండిళ్ల అవతల ఉండే బాలింత. పాలు పడాలంటే ఆకుకూర తినాలని హెట్టీయే జూన్ నుంచి వారానికి రెండుసార్లు కట్టకట్టి ఇచ్చి వచ్చేది. ఒక్కోసారి తోటలోంచి తిన్నగా, కడగకుండానే.

విల్ఫ్ ఉత్తరం మడిచాడు. హెట్టీ గిన్నె పక్కన పెట్టి, గోనెపట్టా విప్పి, టోపీ తీసి జుట్టు సర్దుకుంది. ఆవిడ టోపీ లేకుండా అతను ఎప్పుడూ చూడలేదు. చాలా చిన్న మనిషిలా కనిపించింది.

"పద," అంది. "నువ్వు కాగితం చదువు. ఇచ్చింది నేనేనని నేను చెబుతాను."

ఇద్దరూ కలిసి వెళ్లారు. జానిస్ చంటిపిల్లను భుజాన వేసుకుని విన్నది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది. ఇన్నాళ్లూ ఆ పుస్తకంలో ఏమీ లేదని ఎలా రాశారని. విల్ఫ్ ఆ పెన్సిలు జాబితా గురించి మళ్లీ మొదటినించి చెప్పాడు. రెండోసారి చెబుతుంటే టీ సంగతి మరీ సిగ్గుగా అనిపించింది.

*

విల్ఫ్ మీద విచారణ జరగాలని పైనించి ఉత్తర్వు వచ్చింది. కానీ విచారణకు ముందు బ్యాక్ లేన్‌లో మూడు తోటల్లో ఆకు కోసుకురమ్మని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆకు దులపకుండా కొయ్యడం ఫ్యాక్టరీలో మరెవరికీ రాదు. కాబట్టి శనివారం పొద్దున్నే నేరస్తుణ్ణే పంపించారు.

మలుపు తిరిగేసరికి వీధి నిండా జనం. హెట్టీ గేటు నుంచి వీధి మొదటిదాకా వరస కట్టి ఉన్నారు. ఒకాయన చేతిలో ఉల్లికాడల్లాంటి లీక్స్ కట్ట, ఒకావిడ ఏప్రన్‌లో రబర్బ్ మొక్క వెడల్పాటి ఆకులు, ఇంకొకాయన కుందేళ్లకు వేసే గడ్డి గంపతో సహా తెచ్చాడు. ఒక ముసలాయన కుండీలో జెరేనియం పూలమొక్క పట్టుకొచ్చాడు. అది ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మొక్క కదా అని విల్ఫ్ చెప్పినా వినలేదు, కిటికీ తెరిచే ఉంటుందన్నాడు. జానిస్ పిల్లనెత్తుకుని, పిల్లను పడుకోబెట్టే పచ్చికలోంచి ఒక గుప్పెడు తెచ్చింది. కోసుకొచ్చినవి పనికిరావు, తాను వచ్చి కొయ్యాలని విల్ఫ్ చెప్పాడు. అయితే ఇంటింటికీ రమ్మన్నారు. ఉత్తర్వులో మూడు తోటలనే ఉంది. విల్ఫ్ ఉత్తర్వు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. గోడ మీద కూర్చుని కొత్త కాగితం తీశాడు. ముందు ఇళ్లన్నీ రాసుకుంటాను, తర్వాత అన్నిటికీ వస్తాను అన్నాడు. హెట్టీ పక్కన నిలబడి వరస తప్పినవాళ్లను తోసి నిలబెట్టింది.

పదిహేడో ఇంటి దాకా రాశాక, వరస చివర వానకోటు కాలరు పైకెత్తుకుని ఒకాయన నిలబడి ఉండటం విల్ఫ్ చూశాడు. వానేమీ లేదు. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన లెట్యూస్. తన వంతు వచ్చేదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. దగ్గరికొచ్చి కాలరు దించాక చూస్తే హడిల్‌స్టన్.

బ్యాక్ లేన్ వెనక కొత్తగా కట్టిన ఇళ్లలో కిందటేడు ఒకటి కొనుక్కున్నాననీ, తన భార్య రోజూ ఈ ఆకు పచ్చిగానే తింటుందనీ, ప్రస్తుతం ఆవిడ గర్భిణి అనీ ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. నివేదికలోకి ఎక్కనవసరం లేదనీ, ఏదో ఒక నంబరు వేసి బెరిల్‌కు ఇస్తే చాలనీ అన్నాడు. ఎండలో వానకోటుతో నిలబడి నిలబడి ఆయన శుభ్రమైన చొక్కా మెడ దగ్గర చెమటకు తడిసిపోయింది.

విల్ఫ్ ఆ లెట్యూస్ వైపు చూశాడు. కడిగి తెచ్చినట్టున్నారు, ఇంకా నీళ్లు కారుతున్నాయి. రేపు పొద్దున వచ్చి మడిలోదే కోస్తానని చెప్పాడు. తర్వాత పెన్సిలు నాలికకు తగిలించి, పద్దెనిమిదో గడి దగ్గర ఆగాడు.

"పేరు చెప్పండి సార్," అన్నాడు.

హడిల్‌స్టన్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వీధి వీధంతా ఆయన వైపే చూస్తోంది. గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.